గే అని తెలిస్తే రిఫరీగా నా పని అయిపోతుందా? ప్రొఫెషనల్ ట్రయల్‌కి వెళ్లాలా వద్దా?

ప్రశ్న: అన్నా, నాకు 26 ఏళ్లు. ఏడేళ్లుగా ఫుట్‌బాల్ రిఫరీగా చేస్తున్నా, కింది లీగ్‌లతో మొదలుపెట్టి ఇప్పుడు ప్రొఫెషనల్ ప్యానెల్ ట్రయల్ దాకా వచ్చా. నేను గేని. ఇంట్లో తెలీదు, తోటి రిఫరీల్లో ఒక్కడికి తప్ప ఎవరికీ తెలీదు. నాతో లైన్స్‌మన్‌గా వచ్చే అతను పోయినేడాది నా ఫోన్‌లో మెసేజ్ ఒకటి చూశాడు, ఏమీ అనలేదు, కాకపోతే అప్పట్నుంచి చిన్న చిన్న పనులు అడుగుతున్నాడు. పెద్ద లీగ్‌కి వెళ్తే టీవీలో కనిపిస్తా, జనం నా గురించి తవ్వుతారు. వెళ్లాలా, ఇక్కడే ఆగిపోవాలా, మానేసి వేరే ఉద్యోగం చూసుకోవాలా? వెళ్తే ముందే చెప్పేయాలా?

జవాబు: తమ్ముడూ, నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు గానీ అసలైన దాన్ని మధ్యలో ఒక్క లైన్‌లో చెప్పేసి దాటేశావు, అదే ఆ లైన్స్‌మన్ సంగతి. దానికి తర్వాత వస్తా, ముందు ట్రయల్ ముచ్చట తేల్చేద్దాం. వెళ్లు. ట్రయల్‌లో నీ పరుగు చూస్తారు, పొజిషన్ చూస్తారు, నిర్ణయాలు చూస్తారు, ప్లేయర్లు మీదకొచ్చినప్పుడు ఎలా నిలబడ్డావో చూస్తారు, అక్కడ నీ పర్సనల్ లైఫ్‌కి మార్కుల కాలమ్ లేదు. ట్రయల్‌కి వెళ్లడం ఒక నిర్ణయం, గే అని చెప్పుకోవడం వేరే నిర్ణయం, నువ్వు రెండిటినీ ఒకే మూటలో కట్టేసి ఆ బరువు చూసి భయపడుతున్నావు. మొదటిదానికి గడువు ఉంది, రెండోదానికి లేదు, అంతే.

నేను రిఫరీని కాదు, గేని కూడా కాదు, కాబట్టి నీ కడుపులో ఏం తిరుగుతోందో నాకు పూర్తిగా తెలుసు అని అనను. కాకపోతే ఉద్యోగాల మీద సలహాలు చెప్పే మనిషిని కదా, నా కంటికి ఒకటి కనిపించింది. మామూలుగా నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ పని నాకు సరిపోతుందా అని అడుగుతారు, నీ చిక్కేమో ఈ పని నీకు మరీ ఎక్కువ సరిపోవడం. మ్యాచ్ అయ్యాక రిఫరీ పేరు ఎవరికీ గుర్తులేకపోతే ఆ రోజు బాగా చేసినట్టు అంటారు కదా మీ వాళ్లు. ఒక యూనిఫాం, ఒక విజిల్, మొహంలో ఏమీ కనపడనీయకుండా నిలబడటం, ప్లేయర్లతో స్నేహం పెట్టుకోకపోవడం, ఇంటర్వ్యూలు ఇవ్వకపోవడం, వారాంతాలన్నీ ప్రయాణాల్లోనే పోవడం, దాంతో పెళ్లెప్పుడు అని అడిగినవాళ్లకి టైమ్ ఎక్కడుంది అని చెప్పేసుకోవడం. దాక్కోవాలనుకున్నవాడికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఇది నేను కల్పించి చెప్తున్నది కాదు. బ్రెజిల్‌లో ఇగోర్ బెనెవెనుటో అనే రిఫరీ, ఫిఫా జాబితాలో ఉండగా 2022 జూలైలో తాను గే అని బయటికి చెప్పాడు, చెప్తూ చిన్నప్పుడు తనకి ఫుట్‌బాల్ అంటేనే గిట్టేది కాదని, తన సంగతి దాచుకోడానికి రిఫరీ పనికి మించిన చోటు లేదనే ఇందులోకి వచ్చానని అన్నాడు. నువ్వు ఆట మీద ఇష్టంతో వచ్చావా, దాక్కోడానికి వచ్చావా అన్నది నాకు చెప్పక్కర్లేదు, ట్రయల్‌కి ముందు ఒక సాయంత్రం కూర్చుని నీకు నువ్వు చెప్పుకో. రెండూ కొంచెం కొంచెం అయినా తప్పేం లేదు. మొత్తం రెండోదే అయితే మాత్రం పైకి వెళ్లేకొద్దీ ఆ చోటు ఇరుకైపోతుంది, ఎందుకంటే టీవీ వచ్చాక రిఫరీ కనపడకుండా ఉండటం కుదరదు, ఒక్క పెనాల్టీ తప్పుగా ఇస్తే మర్నాడు అందరి నోళ్లలో నీ పేరే.

దాచడానికి అయ్యే ఖర్చు గురించి నిజాయితీగా మాట్లాడుకుందాం. రిఫరీకి ఉన్న ఆస్తి ఒక్కటే, ధ్యాస. తొంభై నిమిషాలూ బంతి ఎక్కడ, చెయ్యి ఎక్కడ తగిలింది, ఎవడు ఎవడ్ని గెలుకుతున్నాడు, ఇవి తప్ప తలలో ఇంకేమీ ఉండకూడదు. అందులో ఒక ముక్క ఎప్పుడూ వేరే పనిలో ఉంటే, అంటే డ్రెస్సింగ్ రూమ్‌లో వాడు వేసిన జోక్ నన్ను ఉద్దేశించా, నిన్న ఫోన్ లాక్ చేశానా, వీకెండ్ ఏం చేశావంటే ఏం చెప్పాలి అని, ఆ ముక్క ఆటలోంచే కోసుకున్నట్టు. వేల్స్ రగ్బీ రిఫరీ నైజెల్ ఓవెన్స్ దీని గురించి చాలాసార్లు దాచకుండా మాట్లాడాడు. ఇరవైల్లో ఉండగా ఇది మోయలేక ప్రాణం తీసుకోబోయాడు, పోలీస్ హెలికాప్టర్ వెతికి పట్టుకుంది కాబట్టి బతికాడు. 2007లో గే అని బయటికి చెప్పాడు. 2015లో రగ్బీ వరల్డ్ కప్ ఫైనల్ నడిపింది అతనే, 2020లో రిటైర్ అయ్యేలోపు వంద టెస్టులు, అంటే దేశాల మధ్య మ్యాచ్‌లు, పూర్తిచేశాడు. తనని తాను ఒప్పుకోవడంతో పోలిస్తే ఆ వరల్డ్ కప్ ఫైనల్ లెక్కలోకే రాదు అన్నట్టు చెప్తాడు ఆయన. బయటికి చెప్తే వరల్డ్ కప్ ఇస్తారు అని నేను దీన్ని చెప్పట్లేదు. మోసే బరువు తగ్గాకే ఆయన కెరీర్‌లో పెద్ద భాగం నడిచింది, అది చూడమంటున్నా. నీకెప్పుడైనా ఆయనకి వచ్చిన లాంటి ఆలోచనలు వస్తే ట్రయల్, కెరీర్ అన్నీ పక్కన పెట్టి అదే రోజు నమ్మకమున్న మనిషితోనో డాక్టర్‌తోనో మాట్లాడు, మ్యాచ్‌కి రాలేనని చెప్పినందుకు ఎవరూ చచ్చిపోరు.

అన్నీ మంచి కథలే చెప్తే మోసం చేసినట్టు అవుతుంది. అమెరికా బేస్‌బాల్‌లో డేవ్ పలోన్ అనే అంపైర్ పదేళ్లు పనిచేశాక 1988లో ఆయన సంగతి పేపర్లకెక్కింది, ఆ ఏడాదే ఉద్యోగం పోయింది, గే కావడమే అసలు కారణమని ఆయన అంటాడు. టర్కీలో హలీల్ ఇబ్రహీం దిన్‌చ్‌దాగ్ అనే ఫుట్‌బాల్ రిఫరీ గే అన్న కారణంగా సైన్యంలో చేరకుండా మినహాయింపు పొందాడు, ఆ కాగితాన్ని అడ్డుపెట్టుకుని 2009లో ఫెడరేషన్ అతని లైసెన్స్ ఆపేసింది, సంగతి ఊరంతా పాకింది. కోర్టులో ఏళ్ల తరబడి పోరాడి నష్టపరిహారం గెలిచాడు గానీ పోయిన ఏళ్లు ఎవరిస్తారు. ఇంకోవైపు అదే అమెరికా బేస్‌బాల్‌లో డేల్ స్కాట్‌ని చూడు. తోటి అంపైర్లకి, లీగ్ వాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు, ఎవరూ దాన్ని రచ్చ చేయలేదు, 2014లో రిఫరీల పత్రిక ఒకటి అతని గురించి రాస్తుంటే తన భాగస్వామితో దిగిన ఫొటో ఇచ్చేశాడు. అంతే, ప్రకటన లేదు, ప్రెస్‌మీట్ లేదు. అప్పటికి మూడు వరల్డ్ సిరీస్‌లు, అంటే అక్కడి బేస్‌బాల్ ఫైనల్స్, చేసినవాడు, ఆ తర్వాతా 2017 దాకా పనిచేశాడు. నాకు ఈ పద్ధతే అన్నిట్లోకీ నచ్చుతుంది, ముందు పనిలో పేరు, తర్వాత దగ్గరివాళ్లకి, లోకానికి తీరిక దొరికినప్పుడు.

ఇప్పుడు ఆ లైన్స్‌మన్ దగ్గరికి వద్దాం. ఏం పనులు అడుగుతున్నాడో నువ్వు రాయలేదు, మ్యాచ్ డ్యూటీ మార్చుకోవడమో, కారులో తీసుకెళ్లడమో, చేబదులో అయ్యుంటుంది. నీకు తెలుసని వాడికి తెలుసు, వాడికి తెలుసని నీకు తెలుసు, ఎవరూ నోరు తెరవట్లేదు, నువ్వేమో కాదనలేకపోతున్నావు. బెదిరింపు ఎప్పుడూ బెదిరింపులా మొదలవదు తమ్ముడూ. ఒకవేళ వాడు నిజంగా మంచోడే, ఊరికే స్నేహంగా అడుగుతున్నాడే అనుకుందాం, అప్పుడూ నీ వైపు నుంచి చూస్తే నువ్వు భయంతో పని చేస్తున్నావు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అయితే ఇది చిరాకు, అంతవరకే. రిఫరీకి ఇది ప్రమాదం, ఎందుకంటే మ్యాచ్ ఫిక్సింగ్ చేసేవాళ్లకి కావలసింది డబ్బుకి లొంగేవాడే కానక్కర్లేదు, బయటపడకూడని విషయం ఉన్నవాడు చాలు. ఇవాళ డ్యూటీ మార్పు, రేపు ఇంకెవరో వచ్చి ఒక ఎల్లో కార్డ్ అడిగితే ఏం చేస్తావు? నీ గుట్టు వల్ల నీ కెరీర్ పోదు, గుట్టు కాపాడుకోడానికి ఒప్పుకునే ఒక్క పనివల్ల పోతుంది, అదీ జీవితకాలం బ్యాన్‌తో.

అందుకే వాడు అడిగే తర్వాతి పనికి మామూలు గొంతుతో కుదరదు అని చెప్పు. కారణం చెప్పకు, సంజాయిషీ ఇవ్వకు. వాడు ఊరుకుంటే నీ భయమే పెద్దదని తేలిపోతుంది. వాడు ఆ మెసేజ్ మాట ఎత్తితే మాత్రం ఆ క్షణం నుంచి అది స్నేహం కాదు, తేదీ, టైమ్, అన్నమాట రాసిపెట్టుకో, చాట్‌లో అంటే స్క్రీన్‌షాట్ తీసుకో, మీ సంఘంలోనో ఫెడరేషన్‌లోనో ఇంటిగ్రిటీ ఆఫీసర్, అంటే ఫిక్సింగ్ లాంటివి చూసుకునే మనిషి, ఎవరున్నారో చూసి వాళ్ల దగ్గరికి వెళ్లు. అక్కడ నీ జీవితం మొత్తం పరచక్కర్లేదు, నా వ్యక్తిగత విషయం ఒకటి పట్టుకుని ఒకడు ఒత్తిడి చేస్తున్నాడు అంటే చాలు, ఆ మాట విన్నాక దాన్ని గుట్టుగా చూసుకోవడం వాళ్ల పని. ముందుగా వెళ్లి చెప్పినవాడు బాధితుడు, దొరికిపోయాక చెప్పినవాడు నిందితుడు, ఈ తేడా ఏ ఆటలోనైనా ఇంతే.

ఇదే లెక్కలో ఇంకోటి, అడగలేదు గానీ చెప్తున్నా. నువ్వు ఎవరితోనైనా కలిసి ఉంటే, లేదా రేపు కలిస్తే, అతను ప్లేయరో, కోచో, క్లబ్‌లో ఉద్యోగో అయితే ఆ క్లబ్ మ్యాచ్‌లు నువ్వు చేయకూడదు. భార్య తమ్ముడు ఆడే టీమ్ మ్యాచ్‌కి రిఫరీ తప్పుకోవాలి కదా, ఇదీ అంతే. కానీ తప్పుకోవాలంటే కారణం చెప్పాలి, కారణం చెప్తే బయటపడుతుంది, ఆ ఇరకాటంలో ఇరుక్కుని నోరుమూసుకుని మ్యాచ్ చేస్తే, తర్వాత తెలిసినప్పుడు జనం నువ్వు గే అని అనరు, అమ్ముడుపోయావు అంటారు. కాబట్టి వీలైతే లీగ్ బయటి మనిషినే చూసుకో, కుదరకపోతే డ్యూటీలు వేసే ఆఫీసర్‌కి ఒక్కడికే విడిగా చెప్పు.

చెప్పాలా వద్దా అన్నావు. నా ఓటు ఒక్క మనిషితో మొదలుపెట్టమని. కమిటీకి కాదు, డ్రెస్సింగ్ రూమ్‌కి అసలే కాదు, రిటైరైన సీనియర్ రిఫరీ ఎవరైనా నీకు గురువు లాంటివాడు ఉంటే, వేరేవాళ్ల గుట్లు నీ దగ్గర ఎప్పుడూ విప్పని మనిషై ఉంటే, అతనికి. నీ సంగతి తెలిసింది ఒక్క లైన్స్‌మన్‌కే కాబట్టి వాడికి అంత బలం వచ్చింది, ఇంకో మంచి మనిషికి నువ్వే చెప్తే ఆ బలం సగానికి పడిపోతుంది. ఇంట్లో చెప్పడం నీ ఇష్టం, దానికి ట్రయల్‌తో లింకు పెట్టకు, ఇంటి అద్దె, ఖర్చులు నీ జీతంతో నడిచే రోజు వచ్చేదాకా ఆగినా నిన్నెవరూ పిరికివాడు అనరు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, రిఫరీ పని కాకుండా వేరే ఉద్యోగం ఉంటే వదలకు. చాలా చోట్ల రిఫరీకి జీతం ఉండదు, మ్యాచ్‌కింత అని ఫీజు ఇస్తారు, అంటే రేపు మ్యాచ్‌లు ఇవ్వడం మానేస్తే తీసేశారని నిరూపించడం కూడా కష్టం. కాంట్రాక్ట్ చేతికొస్తే వివక్ష గురించి, అప్పీల్ గురించి, డ్యూటీలు ఎవరు వేస్తారన్న దాని గురించి ఏం రాసుందో చదువు, నీ మ్యాచ్ చూసి మార్కులు వేసే అసెసర్ ఇచ్చే ప్రతి రిపోర్ట్ కాపీ దగ్గర పెట్టుకో. మార్కులు బాగా వస్తూ ఉండి హఠాత్తుగా మ్యాచ్‌లు ఆగిపోతే నీ తరఫున మాట్లాడేవి ఆ కాగితాలే.

గ్యాలరీలోంచి వచ్చే తిట్ల గురించి నువ్వు రాయలేదు గానీ భయం అదేనని అర్థమైంది. గే అయినా కాకపోయినా రిఫరీని గే అంటూ తిడతారు, నీకు ఇప్పటికే అలవాటై ఉంటుంది, కాకపోతే నీకు మాత్రం అది నిజంగా తగులుతుంది. 2015 డిసెంబర్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో రిఫరీ బిల్ కెనడీని రాజోన్ రాండో అనే ప్లేయర్ అలాగే తిట్టాడు, లీగ్ ఆ ప్లేయర్‌ని ఒక మ్యాచ్ సస్పెండ్ చేసింది, కొన్నాళ్లకే కెనడీ అవును నేను గేనే అని చెప్పి తన పని తను చేసుకుంటూ పోయాడు. ఒక్క మ్యాచేనా అనిపిస్తుంది నాకైతే. మీ ఫుట్‌బాల్‌లో రూల్ ఇంకా గట్టిది, ప్లేయర్ అలాంటి మాట అంటే రెడ్ కార్డ్ చూపించొచ్చు, గుంపంతా అరిస్తే ముందు ఆట ఆపడం, ఆగకపోతే టీమ్‌లని లోపలికి పంపడం, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు, ఈ మూడు మెట్ల పద్ధతి నీకు నాకంటే బాగా తెలుసు. ఫ్రాన్స్‌లో 2019 ఆగస్టులో రెండో డివిజన్ మ్యాచ్‌ని ఒక రిఫరీ ఇలాంటి అరుపులకే ఆపాడు. నువ్వు ఆపితే అనుమానపడతారేమో అని చూసీ చూడనట్టు వదిలేయకు, జాతి పేరుతో తిడితే ఎలా ఆపుతావో ఇదీ అలాగే, నీ సంగతికి దీనికి సంబంధం లేదు.

ఇక మిగిలినవి చిన్నవి. ఫోన్ లాక్ మార్చు, స్క్రీన్ మీద మెసేజ్ కనిపించకుండా సెట్టింగ్ పెట్టు, డేటింగ్ యాప్‌లో మొహం, లొకేషన్ తీసేయి, పాత పోస్టులు ఒకసారి జల్లెడ పట్టు. విదేశీ మ్యాచ్‌ల మాట వచ్చినప్పుడు ఆ దేశం చట్టం ముందే చూసుకో, కొన్ని చోట్ల ఇది ఇప్పటికీ నేరమే, అలాంటి చోటికి వద్దనడానికి పర్సనల్ కారణాలు అంటే సరిపోతుంది. టూర్లలో రూమ్ షేరింగ్ ఇబ్బందైతే డబ్బు కట్టుకునైనా సింగిల్ రూమ్ అడుగు, గురక పెడతాను అని చెప్పేయ్, ఈ ఒక్క అబద్ధానికి నేను ఒప్పుకుంటా.

ట్రయల్ ఫామ్ చివరి తేదీ రాయలేదు నువ్వు. ఇది చదివేసరికి గడువుంటే ఇవాళే పంపు, ఆ లైన్స్‌మన్‌కి కుదరదు అని చెప్పాక ఏమన్నాడో నాకు మళ్లీ రాయి.