మిర్చి ఆకు ఎవరి ముందుకు వెళ్లాలి?

ప్రశ్న: బోటనీలో పీహెచ్‌డీ చేసి, హన్మకొండలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మిర్చి ఆకుముడతను ఫోన్ ఫొటోలతో గుర్తించే పనికి పరిశోధన గ్రాంటు అడుగుదామనుకుంటున్నాను. ప్లాంట్ సైన్సెస్ కమిటీకి పంపాలా, కంప్యూటర్ ఇంజినీరింగ్ కమిటీకా? ఒకటే టెన్షన్.

జవాబు: మీరు పంపిన సారాంశం చదివానమ్మా. మొదటి వాక్యమే డీప్ లెర్నింగ్‌తో, అంటే కంప్యూటర్‌కు బోలెడు ఫొటోలు చూపి నేర్పే పద్ధతితో, మొదలైంది. బడ్జెట్ చూస్తే ఎక్కువ డబ్బు నారుకు, కూలీలకు, రెండు పంటకాలాల సాగుకు పోతోంది. కంప్యూటర్ వాళ్ల చేతిలో పడితే, "ఇందులో కొత్త అల్గారిథమ్ ఏది?" అని మొదటి పేజీలోనే అడుగుతారు. మీ దగ్గర అది లేదు.

మీ దగ్గర ఉన్న అసలు సరుకు మూడో పేజీలో దాక్కుంది. తామర పురుగు రసం పీలిస్తే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే కిందికి. ఇది మన వైపు మిర్చి రైతుకు కొత్త కాదు. రెండూ ఒకే మొక్క మీద పడితే ఆకు ఎటు తిరుగుతుంది, ఎన్నో రోజున తెలుస్తుంది అన్నది మీ ప్రశ్న. 2021లో నల్ల తామర పురుగు తోటలను ఎలా ఊడ్చిందో చూసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. అది మొక్క గురించిన ప్రశ్న. ఫోన్ పనిముట్టు మాత్రమే. కాబట్టి ప్లాంట్ సైన్సెస్‌కే పంపండి, ఆ ప్రశ్నను మొదటి వాక్యంలోకి తెచ్చి. కీవర్డ్స్‌లో కూడా పురుగు, మొక్క ముందుండాలి. దరఖాస్తు ఎవరి దగ్గరికి వెళ్లాలో చాలావరకు వాటిని చూసే తేలుస్తారు.

నా మొదటి దరఖాస్తుకు ఇదే గతి పట్టింది. ఫ్యాషన్‌గా ఉందని ఒక పెద్ద మాట టైటిల్‌లో పెట్టాను. ఆ మాట తెలిసినవాళ్లకే వెళ్లింది, వాళ్లు రెండు లైన్లలో తిప్పికొట్టారు.

ఫొటోల పనికి కాజీపేట రోడ్డులోని నిట్ నుంచి ఒకరిని సహ పరిశోధకులుగా తీసుకోండి. సమీక్షకుల పేర్లు సూచించమంటే మీ గైడ్‌ను, కలిసి పేపర్లు రాసినవాళ్లను రాయకండి. సీనియర్లు ఇచ్చే పాత ఫారాలూ వద్దు. ఇదివరకు ఇలాంటి గ్రాంట్లు ఇచ్చిన కేంద్ర ప్రభుత్వ బోర్డు సెర్బ్ ఇప్పుడు లేదు, 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది. తాజా ప్రకటన మీరే చదవండి.

ఇంకా అనుమానముంటే, అరపేజీ సారాంశంతో ఆ స్కీమ్ చూసే అధికారికి మెయిల్ రాయండి. "ఇది మీ కమిటీ పరిధిలోకి వస్తుందా?" అని అడగడం పైరవీ కాదు. గడువుకు నెల ముందే రాయండి, చివరి వారంలో వాళ్లకూ ఊపిరి ఆడదు.