కిల్ట్‌ను కొత్తగా మారిస్తే సంప్రదాయం చెడుతుందా?

కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు కట్టుకునే, కుచ్చిళ్ల గళ్ల బట్ట. డెనిమ్ కిల్ట్, జేబుల కిల్ట్ వేసుకుంటే స్కాట్లాండ్ సంప్రదాయం పాడైనట్టేనా అని అడిగారు. కాదనే నా అభిప్రాయం. కిల్ట్ మొదట్నుంచీ మారుతూనే ఉంది. 16వ శతాబ్దపు హైలాండర్లు, అంటే స్కాట్లాండ్ కొండప్రాంతం వాళ్లు, ఒళ్లంతా చుట్టుకున్నది దుప్పటంత ఉన్నిబట్ట. నడుము కిందికే ఉండే పొట్టి కిల్ట్ 18వ శతాబ్దంలో వచ్చింది. 1746 నాటి చట్టం హైలాండ్ దుస్తులను నిషేధించింది, 1782లో ఆ నిషేధం ఎత్తేశారు. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరోలో కిల్ట్ కట్టాక అది స్కాట్లాండ్ మొత్తానికీ గుర్తయింది. వంశానికో టార్టాన్ (రంగు గళ్ల నమూనా) అనే పద్ధతి కూడా ఎక్కువగా ఆ రోజుల్లో స్థిరపడిందే!

బట్ట మారితే బాధ లేదు. సుమారు 8 గజాల ఉన్నిని, గళ్లు తప్పకుండా కుచ్చిళ్లు పెట్టి చేత్తో కుట్టే పని మాత్రం పోకూడదు. పెళ్లికి అలాంటిదే కట్టండి, రోజువారీకి డెనిమ్ చాలు.