‘ఆర్‌2 డీఎల్‌సీఐ’ అంటే ఎవరి డీఎల్‌సీఐ?

సందేహం: నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ విద్యార్థుల కోసం ఫ్రేమ్ రిలే (దూరంగా ఉన్న రౌటర్లను కలిపే పాత పద్ధతి) ల్యాబ్ పాఠం తెలుగులో రాస్తున్నాను. ఆర్‌1, ఆర్‌2 అందులోని రౌటర్లు; డీఎల్‌సీఐ అంటే వాటి మధ్య సర్క్యూట్‌ను గుర్తించే అంకె. పాయింట్-టు-పాయింట్ సబ్‌ఇంటర్‌ఫేస్‌ను (ఒక పోర్టులోనే, రెండు రౌటర్ల మధ్య లంకె కోసం చేసుకునే ఉపభాగాన్ని) ‘ఏకబిందు ఉపాంతర్ముఖం’ అన్నాను. ‘సబ్‌ఇంటర్‌ఫేస్ రకాన్ని ఎంచుకుని ఆర్‌2 డీఎల్‌సీఐని ఇవ్వండి’ అనే వాక్యం సరైనదేనా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం వాక్యంలో తప్పు లేదు. కానీ దాన్ని నమ్ముకుని ల్యాబ్ చేసినవాడికి పింగ్ (అవతలి రౌటర్ అందుతోందా అని చూసే పరీక్ష) వెళ్లకపోవచ్చు.

చిక్కంతా ‘ఆర్‌2 డీఎల్‌సీఐ’ దగ్గర ఉంది. తెలుగులో రెండు నామవాచకాలు పక్కపక్కన పెడితే చాలు, సంబంధం కుదిరిపోతుంది. ‘సీత ఉత్తరం’ అంటే సీత రాసిందో, సీతకు వచ్చిందో సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాం. డీఎల్‌సీఐ విషయంలో ఆ సందర్భం దొరకదు. ఏ రౌటర్ దగ్గరి అంకె ఆ రౌటర్‌కే చెల్లుతుంది. ఆర్‌1, ఆర్‌2ల మధ్య ఉన్న సర్క్యూట్‌కు ఆర్‌1 దగ్గర 102, ఆర్‌2 దగ్గర 201 అనుకుందాం. ఆర్‌1లో మ్యాప్ కమాండ్ (ఏ ఐపీ అడ్రస్‌కు ఏ డీఎల్‌సీఐ అని చెప్పేది) రాసేటప్పుడు ఐపీ అడ్రస్ అవతలిది, డీఎల్‌సీఐ ఇవతలిది: 10.1.1.2, పక్కన 102. మీ వాక్యం చదివిన విద్యార్థి 201 కొడతాడు. రౌటర్ కిక్కురుమనకుండా తీసుకుంటుంది. పింగ్ అయిదుకు అయిదూ విఫలమవుతాయి. పీవీసీ (శాశ్వత సర్క్యూట్) స్థితి చూస్తే 201 ఎదుట ‘డిలీటెడ్’ అని ఉంటుంది, ఆ పోర్టు మీద ఆ అంకెను మధ్యలోని ఫ్రేమ్ రిలే స్విచ్ ఎరగదు కాబట్టి. ‘ఆర్‌2కు వెళ్లే డీఎల్‌సీఐ’ అని రాయండి. ‘యొక్క’ చేర్చి సవరిద్దామనుకునేరు! అప్పుడు అది ఖాయంగా 201 అవుతుంది.

‘ఇవ్వండి’ కూడా చాలదు. పాయింట్-టు-పాయింట్ అయితే ‘ఫ్రేమ్-రిలే ఇంటర్‌ఫేస్-డీఎల్‌సీఐ’ కమాండే వాడాలి, అక్కడ మ్యాప్ చెల్లదు. మల్టీపాయింట్‌లో (ఒకే సబ్‌ఇంటర్‌ఫేసు మీద అనేక రౌటర్లు ఉండే రకంలో) మ్యాప్ రాయవచ్చు.

ఇక ‘రకాన్ని ఎంచుకుని’. ముందు సబ్‌ఇంటర్‌ఫేస్ తయారై ఉంటుందనీ, తర్వాత తీరిగ్గా రకం ఎంచుకోవచ్చనీ అర్థం వస్తోంది. కానీ రకం పుట్టుకతోనే రావాలి: ‘ఇంటర్‌ఫేస్ సీరియల్ 0/0.102 పాయింట్-టు-పాయింట్’ అని ఒకే వరుసలో. పొరపాటున మల్టీపాయింట్ అని కొడితే, ‘నో’ కమాండ్‌తో తీసేసి అదే నంబరుతో మళ్లీ సృష్టించినా రౌటర్ రకం మార్చదు, రీలోడ్ చేయాలి, లేదా వేరే నంబరు వాడాలి. కాబట్టి ‘పాయింట్-టు-పాయింట్ సబ్‌ఇంటర్‌ఫేసుగా సృష్టించండి’ అనండి.

‘ఏకబిందు’ వద్దు. ఆ లంకెకు కొసలు రెండు. వివరణలో ‘ముఖాముఖి లంకె’ అంటే ఇటొక రౌటర్, అటొక రౌటర్ అని వెంటనే తెలుస్తుంది. కమాండ్ పేరు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి. పాయింట్-టు-పాయింట్, మల్టీపాయింట్‌ల తేడా విద్యార్థి కంటికి ఆనాలి: ఒక కొస మల్టీపాయింట్, మరో కొస పాయింట్-టు-పాయింట్ అయితే, డిఫాల్ట్‌గా ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు పంచుకునే పద్ధతి) పంపే హలో సందేశం మల్టీపాయింట్ వైపు 30 సెకన్లకు, పాయింట్-టు-పాయింట్ వైపు 10 సెకన్లకు పోతుంది. రెండు రౌటర్ల మధ్య పొరుగు సంబంధం కుదరదు.

‘ఉపాంతర్ముఖం’ కూడా వద్దు. ‘అంతర్జాతీయం’లో ‘అంతర్’ అంటే మధ్య అనే అర్థం ఉన్న మాట నిజమే. కానీ ‘అంతర్ముఖం’ అనగానే తెలుగువారికి తనలోకి తాను చూసుకునే మనిషే గుర్తొస్తాడు. ఇంటర్‌ఫేసు చూసేది బయటికి! దాన్ని అలాగే ఉంచి విభక్తులు మనవి చేర్చండి: ఇంటర్‌ఫేసును, ఇంటర్‌ఫేసుకు, ఇకార ధ్వనితో ముగిసేవాటికి డీఎల్‌సీఐని, డీఎల్‌సీఐకి.