మీ కళ్ళకీ ఆవిడ కళ్ళకీ మధ్య పాట

ప్రశ్న: నా వయసు 47. విశాఖ పోర్టులో ఉద్యోగం. లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర్లో సొంత ఫ్లాట్. చిన్నప్పటి నుంచీ నాకు పాటలంటే పిచ్చి. పాతికేళ్ళుగా అనుకుంటున్న హైఫై సెట్టు నాలుగు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. యాంప్లిఫయర్ ఒకటి, నడుము ఎత్తు స్పీకర్ బాక్సులు రెండు. అవి ఇంట్లో దిగిన రోజే నా భార్య "ఈ నల్ల బీరువాలేటండీ నా హాల్లో?" అంది. అంతకు ఆర్నెల్ల ముందే హాలు బాగు చేయించాం. రంగులు, పరదాలు, తివాచీ, టీవీ యూనిట్ అన్నీ ఆమె దగ్గరుండి చూసుకుంది. పైగా ఒక గోడ పక్కన సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతుంది. సరే అని బాక్సుల్ని రెండు మూలలకీ నెట్టాను. ఇప్పుడు మోత తప్ప పాట వినపడటం లేదు. ఆమె ఫోన్లో చూపించే సన్నటి తెల్ల సౌండ్‌బార్ సంగీతం తెలిసినవాడు వినేది కాదు. వినే వస్తువుకి అందం ఎందుకండీ? రాత్రి అందరూ పడుకున్నాక లైట్లు ఆర్పేసి, మీటర్లలో నీలం వెలుగు, పాటతో పాటు ఊగే ముల్లు చూస్తూ కూర్చుంటే ఆఫీసు టెన్షన్ అంతా పోతుంది. అదీ ఆమెకి అర్థం కాదు. మూడు వారాలుగా మా మధ్య "అన్నం పెట్టాను", "తిన్నాను" తప్ప మాటల్లేవు. ఇంకో సంగతి. సెట్టు 48 వేలని చెప్పాను. నిజానికి 1,35,000 అయింది. బిల్లు ఆఫీసు డ్రాయర్లో ఉంది. నన్నేం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "వినే వస్తువుకి అందం ఎందుకండీ?" అని అడిగారు. ఆ వెంటనే నీలం వెలుగు గురించీ ఊగే ముల్లు గురించీ రాశారు! ఆ ముల్లు చేసే పనేమిటో మీకు తెలియంది కాదు. స్పీకర్లకి ఎంత పవర్ వెళ్తోందో చూపిస్తుంది, అంతే. దాని మీద నల్ల టేపు అంటించినా పాట అలాగే వినిపిస్తుంది. అయినా మీరు లైట్లు ఆర్పుకుని మరీ దాన్ని చూస్తున్నారు. తప్పని అనను. అమెరికాలో మెకింటాష్ కంపెనీ యాంప్లిఫయర్లని గది అవతలి నుంచే గుర్తుపట్టేది ఆ నీలం మీటర్లతోనే. వాటి మీద మనసు పారేసుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. మీకు మీటర్లు ముచ్చట, మీ శ్రీమతికి గోడ రంగు ముచ్చట. మీ కళ్ళకీ ఆవిడ కళ్ళకీ పడట్లేదు, పాపం చెవులు మధ్యలో నలిగిపోతున్నాయి.

మనకి దగ్గర్లోనే బొబ్బిలి ఉంది. అక్కడి వీణ చూసే ఉంటారు. పనస దుంగని తొలిచి చేస్తారు, చివర యాళి ముఖం (గుళ్ళ స్తంభాల మీద కనిపించే సింహంలాంటి జంతువు) చెక్కుతారు. ఆ యాళి శ్రుతికి చేసే సాయం ఏమీ లేదు. అయినా వీణ కొనే వాళ్ళెవరూ "ఆ ముఖం మాకొద్దు, మొండిగా ఇచ్చి డబ్బులు తగ్గించండి" అనరు. ఆ పనివాళ్ళే జానెడు వీణలు కూడా చేస్తారు, సన్మానాలకీ పెళ్ళిళ్ళకీ ఇచ్చేవి. అద్దాల బీరువాలో ఎంత బావుంటాయో! కచేరీకి మాత్రం పనికిరావు. ఆవిడ అడిగే సౌండ్‌బార్ జానెడు వీణ అని మీ భయం. మీరు తెచ్చినవి యాళి చెక్కని దుంగలని ఆవిడ బాధ. ఇద్దరిలోనూ కొంత నిజం ఉంది.

కళ్ళు చెవుల్ని ఎలా మాయ చేస్తాయో తెలిస్తే మీ పట్టుదల కాస్త సడలుతుందేమో. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు నిపుణులు ఒకే మనుషులకి ఒకే స్పీకర్లని రెండు రకాలుగా వినిపించారు. ఒకసారి తెర వెనక పెట్టి, ఒకసారి కళ్ళెదుట పెట్టి. విన్నవాళ్ళు దారినపోయేవాళ్ళు కారు, స్పీకర్లు తయారుచేసే కంపెనీ మనుషులే. తెర వెనక ఉన్నప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న చిన్న ప్లాస్టిక్ సెట్టు తెర తీయగానే వెనకబడిపోయింది. పెద్దగా, దర్జాగా ఉన్నవాటికి మార్కులు పెరిగాయి. స్పీకర్లతోనే బతికే వాళ్ళ చెవులకే ఈ గతి పడితే మీవీ నావీ ఎంత చెప్పండి? కాబట్టి "నేను చెవితో ఎంచుకున్నాను, నువ్వు కంటితో ఎంచుకుంటున్నావు" అని ఆవిడతో ఎప్పుడైనా అని ఉంటే ఆ మాట వెనక్కి తీసుకోండి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1957లో ఇంగ్లండ్‌లో క్వాడ్ కంపెనీ ఒక ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ (పల్చటి ప్లాస్టిక్ పొర అదిరి పలికేది) తెచ్చింది. గొంతునీ వయొలిన్‌నీ అది పలికించే తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు. చూడ్డానికి మాత్రం గదిలో చలి కాచుకునే రూమ్ హీటర్‌లా ఉంటుంది. (విశాఖలో రూమ్ హీటర్ చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారో!) అంటే అందం లేకపోయినా నాదం ఉండొచ్చు, మీ వాదన అంతవరకూ సరే. కానీ రెండూ ఒకే చేత్తో కుదిరిన సందర్భాలూ ఉన్నాయి. 1956లో జర్మనీలో బ్రౌన్ కంపెనీ రేడియోతో కలిపి ఒక రికార్డ్ ప్లేయర్ చేసింది. దానికి రేకు మూత పెడితే శబ్దానికి అదురుతోందని, గాజులా కనిపించే ప్లాస్టిక్ మూత పెట్టారు. అదురు పోయింది, వస్తువుకి కొత్త అందం వచ్చింది. తర్వాత దేశదేశాల రికార్డ్ ప్లేయర్లకి అలాంటి మూతలే వచ్చాయి. అప్పట్లో జనం దాన్ని చూసి, కథలో స్నో వైట్‌ని పడుకోబెట్టిన గాజు పేటిక గుర్తొచ్చి, "స్నో వైట్ శవపేటిక" అని నవ్వారట. మీ శ్రీమతి బీరువాలన్నారు, నయం.

హైఫై పిచ్చి ఉన్న మగవాళ్ళలో ఒక వెటకారం మాట ఉంది, 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్' అని. ఏ సెట్టు రూపానికి పెళ్ళాం ఎంతవరకు ఒప్పుకుంటుందో లెక్క అన్నమాట. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. సంగీతం మగాడిదీ, సోఫా కవర్లు ఆడదానివీ అని ముందే పంచేసుకున్న మాట అది. మీ ఇంట్లోనే చూడండి. లాసన్స్ బేలో కిటికీ గొళ్ళాలు ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు తెలుసు. ఆ ఉప్పుగాలికి నిగనిగలాడే నల్ల బాక్సు మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ జిడ్డు పొర, దాని మీద వేలిముద్రలు. తుడిచేది ఎవరు? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు కాబట్టి మీరు కాదని అనుకుంటున్నాను. రోజూ తుడిచే మనిషికి ఆ వస్తువు ఎలా ఉండాలో చెప్పే హక్కు ఉంది.

ఇప్పుడు మోత సంగతి. బాక్సుని మూలకి నెడితే రెండు గోడలూ నేలా కలిసి కింది స్వరాలని ఎగదోస్తాయి. మృదంగం తొప్పి (ఎడమ చేతి వైపు బొంగురుగా పలికే ముఖం) అంతా ఒకటే బుంగ మోతలా వినిపిస్తుంది. అది ఆవిడ తప్పూ కాదు, బాక్సు తప్పూ కాదు. గోడ నుంచి కనీసం అడుగున్నర ముందుకి లాగండి, పక్క గోడకీ ఎడం ఉంచండి. ట్వీటర్, అంటే సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకర్, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. తర్వాత హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఖంగుమని మోగితే టైల్సూ బాల్కనీ అద్దం తలుపూ శబ్దాన్ని తిప్పి కొడుతున్నట్టు. పరదాలు పూర్తిగా లాగి మళ్ళీ కొట్టండి, తేడా మీకే తెలుస్తుంది. ఆ మందపాటి పరదాలూ తివాచీ ఎవరు ఎంచుకున్నారు? మీ హాల్లో పాట ఆ మాత్రం బావుందంటే అందులో ఆవిడ పనితనం ఉంది. ఈ ముక్క ఆవిడతో చెప్పండి. బతిమాలుతున్నట్టు కాకుండా మామూలుగా చెప్పండి, ఎందుకంటే అది నిజం.

మా ఇంటి సంగతి ఒకటి. డెబ్బైలలో మా నాన్నగారు రేడియోగ్రామ్ కొన్నారు, రేడియో, రికార్డ్ ప్లేయర్ కలిసి ఉన్న టేకు రంగు పెట్టె. మా అమ్మ వారం రోజులు దాని వంక చూడలేదు. ఎనిమిదో రోజు తను అల్లిన లేసు గుడ్డ దాని మీద పరిచి, పైన ఇత్తడి పూలకూజా పెట్టింది. పాటలో ఒక స్వరం దగ్గర ఆ కూజా జుయ్ మనేది. నాన్నగారు "తియ్యవే దాన్ని" అని అరిచేవారు, అమ్మ తీసేది కాదు. చివరికి కూజా కింద మడతపెట్టిన రుమాలు వచ్చింది. ఆ రుమాలు ఎవరు పెట్టారో మాకు తెలియదు, ఇద్దరూ ఒప్పుకోలేదు. నాకిప్పటికీ ఆ పాటలు తలుచుకుంటే లేసు గుడ్డే ముందు గుర్తొస్తుంది.

మీ బాక్సులకీ అలాంటి లేసు గుడ్డ ఒకటి కావాలి. ముందు జాలీకి ఉన్న నల్ల గుడ్డ మార్పించవచ్చు. గోడకి నప్పే రంగు ఆవిడనే ఎంచుకోమనండి. ఒక్కటే షరతు, గుడ్డకి నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి హాయిగా పోవాలి. లేకపోతే పాట కూడా అక్కడే ఆగుతుంది. చుట్టాలొచ్చినప్పుడు జాలీ ఉంటుంది, మీరు వింటున్నప్పుడు తీసి పక్కన పెట్టుకోండి. వైర్లు నేల మీద పాములా పాకకుండా స్కర్టింగ్ వెంబడి కేసింగ్‌లో పంపండి. సగం చిరాకు ఆ వైర్లదే అని నా అనుమానం. పన్లో పనిగా జాలీ తీసినప్పుడు వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్) చుట్టూ ఉన్న మెత్తటి అంచుని వేలితో నెమ్మదిగా తాకి చూడండి. రబ్బరు అయితే ఫరవాలేదు. ఫోమ్ అయి, వేలికి పొడి అంటితే మాత్రం అది చివికిపోతున్నట్టు. మన తేమకి ఫోమ్ ఎక్కువకాలం నిలవదు, మార్పించుకోవాలి. సెకండ్ హ్యాండ్ కదా, అందుకని చెబుతున్నాను.

ఇంత చేసినా ఆవిడకి నచ్చకపోతే చిన్న బాక్సులకి మారే ఆలోచన చెయ్యండి. చిన్నవంటే నామోషీ అక్కర్లేదు. డెబ్బైలలో బీబీసీ వాళ్ళు బయట రికార్డింగులకి వెళ్ళే వ్యాన్ల కోసం అడుగు ఎత్తు బాక్సు ఒకటి తయారుచేసుకున్నారు, ఎల్ఎస్ 3/5ఏ అని. మనిషి గొంతు దానిలో సహజంగా ఉంటుందని నేటికీ వెతుక్కుని కొంటారు. అలాంటి వాటిలో డప్పు గుండెల మీద కొట్టినట్టు వినిపించదు, ఆ మేరకి మీరు వదులుకోవాల్సిందే. సౌండ్‌బార్ సంగతికొస్తే టీవీలో మాటలకి బావుంటుంది. కుడి ఎడమలు ఒకే పట్టీలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి గాయని ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు అనిపించడం కష్టం. అంతమాత్రాన ఆవిడని వెక్కిరించకండి.

ఏది కొన్నా ఈసారి షాపుకి ఇద్దరూ వెళ్ళండి. మీకిష్టమైన పాట ఒకటి, ఆవిడకిష్టమైనది ఒకటి పట్టుకెళ్ళండి. షాపతన్ని మార్చి మార్చి వినిపించమని ఇద్దరూ కళ్ళు మూసుకోండి. అన్నిటికీ వాల్యూమ్ ఒకేలా ఉండేట్టు చూడమనండి, ఎందుకంటే కాస్త గట్టిగా మోగిందే ఎవరికైనా బావున్నట్టు ఉంటుంది. నచ్చినవాటిలో రెండో మూడో పక్కన పెట్టి అప్పుడు కళ్ళు తెరవండి. రూపం ఎంచే పని ఆవిడది.

షాపుకి వెళ్ళేలోపు చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది. ఆ బిల్లు. 87 వేలు తక్కువ చెప్పారు మీరు. ఆవిడ పరదాలకి ఎంతయిందో మీకు పైసలతో సహా తెలుసు కదా? ఆవిడ గొడవ నల్లరంగు మీదో ఎత్తు మీదో అని మీరు అనుకుంటున్నారు. తనని అడక్కుండా హాల్లోకి దిగిన వస్తువు కాబట్టే అది బీరువాలా కనిపిస్తోందని నాకు అనిపిస్తోంది. ధర సంగతి ఆవిడకి ఇంకెవరివల్లో తెలిస్తే ఏ రంగు గుడ్డ వేసినా లాభం ఉండదు. రేపే డ్రాయర్లోంచి తియ్యండి. రాత్రి భోజనాలయ్యాక, మీటర్లు వెలిగించకుండా, ట్యూబ్‌లైట్ కింద కూర్చుని ఆవిడ చేతికివ్వండి. "ఎందుకు దాచావు?" అని అడుగుతారు. "వద్దంటావని" అనకండి, నేరం మళ్ళీ ఆవిడ మీదకి తోసినట్టవుతుంది. "భయపడ్డాను" అనండి. కోపం వస్తే రానివ్వండి. మూడు వారాల "తిన్నాను" కంటే ఆ కోపం నయం.

బొమ్మల కొలువు గోడ గురించి కూడా ఇప్పుడే మాట్లాడేసుకోండి. సంక్రాంతి వచ్చే వారానికి బాక్సులు పడకగదిలోకి వెళ్ళిపోతాయి, ఆ చోట మెట్లు కట్టి ఏటికొప్పాక బొమ్మలు పెట్టుకుంటారు, కనుమ వెళ్ళాక మళ్ళీ హాల్లోకి వస్తాయి. మోసేది మాత్రం మీరే.