ఈత రాదు, మునిగిన ఓడల పనిలో చేరొచ్చా?

ప్రశ్న: అన్నా, ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో ఎమ్మెస్సీకి వచ్చాను. మేరీ రోజ్ అనే పాత యుద్ధనౌక మ్యూజియం చూసినప్పటి నుంచి ఈ పని మీదే మనసు. ఈత రాదు. నన్ను తీసుకుంటారా?

తీసుకుంటారు తమ్ముడూ. అసలు 1545లో మునిగిన ఆ ఓడ కోసం 1965లో వెతకడం మొదలుపెట్టిందే అలెగ్జాండర్ మెక్కీ అనే రచయిత, ఆయన వెంట సౌత్‌సీ డైవింగ్ క్లబ్ వాళ్లు, అంటే సొంత సరదాకి డైవింగ్ చేసుకునేవాళ్లు. 1982లో పైకి తీసేలోపు 500 మందికి పైగా వాలంటీర్ డైవర్లు దిగారు.

ఈత రాకపోయినా ఒడ్డున బోలెడు పని. లండన్‌లో థేమ్స్ డిస్కవరీ ప్రోగ్రామ్ వాళ్లు మామూలు జనానికి శిక్షణ ఇచ్చి, ఆటుకి నీళ్లు తగ్గగానే నది ఒడ్డున బయటపడే పాత ఓడల చెక్కలూ రేవు గుంజలూ కొలిపిస్తారు. గమ్‌బూట్లు బురదలో దిగబడిపోతుంటాయి, ఒకరు టేపు పట్టుకుంటే ఇంకొకరు ప్లాస్టిక్ షీటు మీద పెన్సిల్‌తో గీస్తారు (తడి కాగితం చిరిగిపోతుంది కదా), మళ్లీ పోటు వచ్చేలోపు ముగించాలి. నిధులూ నిక్షేపాలూ ఏమీ ఉండవు, ముందే చెప్తున్నా. మీ ఊళ్లోనే నాటికల్ ఆర్కియాలజీ సొసైటీ (మునిగిన ఓడల్లాంటి వాటి పురావస్తు పని నేర్పే సంస్థ) ఉంది, కోర్సులు ఆన్‌లైన్‌లో కూడా పెడతారు, అక్కడ మొదలుపెట్టు. వందల ఫొటోలు కలిపి త్రీడీ మోడల్ చేసే పని కూడా ఉంటుంది, మన సాఫ్ట్‌వేర్ పిల్లలకి అది చిటికెలో పట్టుబడుతుంది.

దొరికింది కదా అని ఏదీ జేబులో వేసుకోకు. ఓడ తాలూకు వస్తువు ఏది తీసినా 28 రోజుల్లోపు రిసీవర్ ఆఫ్ రెక్ అనే ప్రభుత్వ అధికారికి చెప్పాలి, అది చట్టం. థేమ్స్ ఒడ్డున సొంతంగా వెతకాలన్నా పర్మిట్ ఉండాలి.

ఇక వీసా. జీతం లేదు కదా, ఇబ్బందేముంది అనుకుంటారు మనవాళ్లు. ఫలానా రోజు ఫలానా టైంకి రావాల్సిందే అని ఒప్పందం ఉంటే జీతం లేకపోయినా అది పని కిందే లెక్క, టర్మ్ టైంలో స్టూడెంట్ వీసా మీద పని చెయ్యడానికి నీకున్న వారానికి 20 గంటల్లోంచి పోతుంది. మనకి వీలున్నప్పుడు వెళ్లి సాయం చేసొస్తే ఆ గొడవ లేదు. అనుమానంగా ఉంటే యూనివర్సిటీ వీసా ఆఫీసులో అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకో.

రేపెప్పుడో ఈత, డైవింగ్ నేర్చుకుంటే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకో: నీళ్లలోంచి లేచిన మర్నాడు పొద్దున్నే హైదరాబాద్ ఫ్లైట్ పెట్టుకోకు, డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కితే ఒంటికి ప్రమాదం, మధ్యలో కనీసం ఒక రోజు పూర్తిగా వదిలెయ్.