కృత్తికలను చంద్రుడు కప్పేటప్పుడు చూడాలంటే టెలిస్కోప్ తప్పనిసరా?

"చంద్రుడు కృత్తికల మీదుగా వెళ్తూ చుక్కలను కప్పేస్తాడట. చూడాలంటే టెలిస్కోప్ కొనాలా? ఫోన్‌తో ఫొటో తీయొచ్చా?" అని అడిగారు.

కొనక్కర్లేదు. 7×50 గానీ 10×50 గానీ ఒక మాదిరి బైనాక్యులర్స్ ట్రైపాడ్ మీద బిగిస్తే చాలు. ఫొటో సంగతి మాత్రం మర్చిపోండి. నెలవంక బాగా పడేలా పెడితే చుక్కలు కనిపించవు, చుక్కలు పడేలా పెడితే నెలవంక తెల్లటి మరకలా తయారవుతుంది. ఈ సెట్టింగులతో కుస్తీ పడుతుండగానే చుక్క కాస్తా మాయమవుతుంది. తల ఎత్తి "అప్పుడే అయిపోయిందా?" అని అడిగేవాళ్లు ప్రతిసారీ నా పక్కనే తగులుతారు, అదేం ఖర్మో.

మీరు అడగని సంగతి ఒకటి చెప్తాను. కప్పేయడం కంటే రాసుకుంటూ పోవడం చూడండి. చుక్క నిండుగా చంద్రుడి వెనక్కి వెళ్తే టక్కున ఆరిపోతుంది, ఎంతోసేపటికి అవతలి అంచున వెలుగుతుంది. అంతే కథ. అదే చుక్క అంచుకు తగిలీ తగలనట్టు పోతే, దాన్నే గ్రేజ్ అంటారు, చంద్రుడి కొండల వెనక దాక్కుంటూ లోయల్లోంచి తొంగిచూస్తూ సాగుతుంది. నన్నడిగితే సూర్యగ్రహణం కూడా దీని ముందు దిగదుడుపే. ఎవరేమన్నా సరే, నా మాట ఇదే.

నేను చూసింది ఎలక్ట్రాతో జరిగిన గ్రేజ్. కృత్తికల్లో అది కాస్త పెద్ద చుక్కే. చంద్రుడు సన్నటి వంక, మిగతా భాగమంతా భూమి నుంచి పోయిన వెలుగుతో బూడిద రంగులో కనిపిస్తోంది. చుక్క దక్షిణపు కొమ్ము పక్కనుంచి పోతుందని లెక్క. ఇక్కడ ఒక తిరకాసుంది. చుక్క వెలుగులో చంద్రుడి నీడ భూమి మీద పడుతుంది, దాని వెడల్పు చంద్రుడంతే, అంటే సుమారు 3,474 కిలోమీటర్లు. ఆ నీడ అంచు ఏ గీత వెంబడి పోతుందో సరిగ్గా అక్కడే నిలబడాలి. అంచు నున్నగా ఉండదు, దక్షిణపు కొసన కొండలు కొన్ని కిలోమీటర్ల ఎత్తుంటాయి. అందుకే నేల మీద ఒకట్రెండు కిలోమీటర్ల పట్టీలోనే ఈ ఆట కనిపిస్తుంది. మేం గీతను అడ్డంగా దాటే రోడ్డు ఒకటి పట్టుకున్నాం. నేను గీత మీద ఆగాను, మా స్నేహితుడు కిలోమీటరు ఉత్తరంగా, నీడ లోపలికి వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరం ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టుకున్నాం. ఫోన్‌కి ఇంతకు మించిన పని అప్పగించకూడదు.

కొమ్ము కొసకు అవతల, చీకట్లో, విడివిడిగా నాలుగైదు వెలుగు చుక్కలు కనిపించాయి. అవి నక్షత్రాలు కావు, ఎండ తగిలిన శిఖరాలు. కింద అంతా చీకటే, తల మాత్రం వెలుగులో. వాటి వరుసలోకి ఎలక్ట్రా వచ్చి చేరింది. శిఖరాలు కొంచెం పసుపు, ఎలక్ట్రా నీలి తెలుపు. రంగు తేడా లేకపోతే ఏది ఏదో పోల్చుకోలేం. చూస్తుండగానే పోయింది. "పోయింది" అన్నానో లేదో, వచ్చేసింది. మళ్లీ పోయి ఈసారి చాలాసేపు రాలేదు. తర్వాత టకటకా రెండుసార్లు మిణుకుమంది. ఒకసారైతే పూర్తిగా ఆరకుండా సగం మసకబారి నిలిచింది, ఏదో శిఖరం దాన్ని కొద్దికొద్దిగా కోస్తున్నట్టు. చివరికి కొండలన్నీ దాటి బయటపడి, వెలుగుతూనే దర్జాగా తన దారిన సాగిపోయింది. శిఖరాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

మా వాడి రికార్డింగులో ఒకే ఒక్క "పోయింది", రెండు మూడు నిమిషాల తర్వాత ఒకే ఒక్క "వచ్చింది". నాది విని, "ఒరేయ్, నువ్వు చూసింది అసలు ఎలక్ట్రానేనా?" అన్నాడు. కిలోమీటరు దూరానికే అంత తేడా! రికార్డింగులో దొరికిన సమయాలను ఆ అంచు కొండల కొలతలతో పోల్చుకోవచ్చు. జపాన్ వాళ్ల కగుయా, అమెరికా వాళ్ల ఎల్ఆర్ఓ నౌకలు లేజర్‌తో చంద్రుడి ఎత్తుపల్లాలను కొలిచి పెట్టాయి.

చుక్క అలా టక్కున ఆరడానికి కారణం, చంద్రుడి మీద దాన్ని మసకబార్చే గాలి లేదు, 440 కాంతి సంవత్సరాల దూరాన చుక్క సూదిమొన కంటే చిన్నది. మెల్లగా, మెట్లుమెట్లుగా ఆరిందంటే ఏదో విశేషం ఉన్నట్టే. జ్యేష్ఠ నక్షత్రానికి ఓ చిన్న జంట ఉందని 1819లో వియన్నాలో యోహాన్ బుర్గ్ అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టింది ఇలాగే. చంద్రుడి వెనక నుంచి ముందు చిన్నది వచ్చింది, ఆ తర్వాతే పెద్దది. కెమెరా లేదు, కన్నే.

ఇంకో చిరాకు. యాప్‌లలో చూపించే సమయం తరచూ ఎక్కడో వేరే నగరానిది. చంద్రుడు దగ్గరలో ఉన్నాడు కాబట్టి చూసే చోటు మారితే చుక్కల మీద అతని స్థానం కూడా జరుగుతుంది. నిమిషాల తేడా రావడం మామూలే, ఒకచోట మరుగుపడిన చుక్క మరోచోట అసలు మరుగే పడకపోవచ్చు. మీ అక్షాంశం, రేఖాంశం పెట్టి లెక్క తీసుకోండి. సూపర్ మూన్ అని ఊదరగొట్టేవాళ్లకు ఈ సంగతులేవీ పట్టవు. అతి దగ్గరి పౌర్ణమికీ అతి దూరపు పౌర్ణమికీ సైజులో తేడా 14 శాతం. కంటితో ఎవరికీ తెలియదు గానీ, ఫొటోలు మాత్రం లక్షల్లో.

చంద్రుడు కృత్తికలన్నిటినీ ఒకేసారి మింగేస్తాడనీ అనుకోకండి. గుంపు చంద్రబింబం కంటే వెడల్పు. గంటకు తన వెడల్పంత మాత్రమే జరుగుతాడు, కొన్ని గంటలపాటు ఒక్కో చుక్కనూ దాటుకుంటూ పోతాడు.

ఎప్పుడు చూడాలంటే, కార్తీక పౌర్ణమి వద్దు. ఆ నెలకు పేరే చంద్రుడు కృత్తికల దగ్గర నిండుతాడని వచ్చింది గానీ, ఆ వెలుగులో చుక్కలు కొట్టుకుపోతాయి. చైత్ర శుద్ధ తదియ నుంచి షష్ఠి మధ్య సాయంత్రాలు శ్రేష్ఠం, చీకటి అంచు ముందుంటుంది కాబట్టి చుక్క ఆరడం స్పష్టంగా కనిపిస్తుంది. అదీ అన్ని ఏళ్లూ దొరకదు. చంద్రుడి దారి వాలు 18.6 ఏళ్లకు ఓ చుట్టు తిరుగుతుంది, అందులో కొన్నేళ్లే కృత్తికలు దారిలో పడతాయి. ఈ విడత 2023లో మొదలైంది, 2029 దాకా ఉంటుంది. ఆ పైన 2040ల్లోనే. చైత్రంలో మబ్బు పడితే ఆషాఢ బహుళంలో తెల్లవారుజామున ప్రయత్నించండి. అప్పుడు చుక్క చీకటి అంచు నుంచి బయటికొస్తుంది. ఏ చోట పొడుస్తుందో ముందే చూసుకుని కన్ను అక్కడే పెట్టి ఉంచాలి.