పన్ను బకాయి, దెబ్బతిన్న సిబిల్ స్కోరు: ముందుగా ఏది తీర్చాలి?

ప్రశ్న: విజయవాడలో ఇంటీరియర్ డిజైన్ పనులు చేస్తుంటాను. రెండేళ్ల కిందటి ఆదాయంపై 1,18,000 రూపాయలు కట్టాలని రెండు వారాల కిందట ఆదాయపు పన్ను శాఖ నుంచి డిమాండ్ నోటీసు వచ్చింది. అందులో 42,000 రూపాయలు నాతో పని చేయించుకున్న సంస్థ చెల్లింపులోంచే మినహాయించే పన్ను, అంటే టీడీఎస్‌గా పట్టుకున్న సొమ్మే, కానీ నా పేరిట జమైన పన్నును చూపే 26ఏఎస్‌లో కనిపించడం లేదు. పనులు లేని రోజుల్లో పేరుకుపోయిన క్రెడిట్ కార్డు బాకీని అంతకుముందే బ్యాంకుతో మాట్లాడి, తక్కువ మొత్తానికి సెటిల్ చేసుకున్నాను. ఇప్పుడు గృహరుణం అడిగితే స్కోరు చాలదంటున్నారు. పర్సనల్ లోన్ తీసుకుని పన్నంతా కట్టేస్తే స్కోరు బాగుపడుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: బాగుపడదు. అప్పుల చెల్లింపు తీరును నమోదు చేసి స్కోరు ఇచ్చే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలకు సమాచారం పంపేది అప్పులిచ్చే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలే కాబట్టి, పన్ను బకాయి కట్టినా కట్టకపోయినా మీ స్కోరు నేరుగా మారదు. పైగా స్కోరు తగ్గినవారికి పర్సనల్ లోన్ ఎక్కువ వడ్డీకే దొరుకుతుంది. నోటీసులోని 30 రోజుల గడువు దాటాక పన్ను బకాయిపై పడేది నెలకు ఒక శాతం సాధారణ వడ్డీ. దాన్ని తీర్చడానికి అంతకంటే భారమైన అప్పు తలకెత్తుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

అసలు ఆ మొత్తంలో మీరు కట్టవలసినది ఎంతో ముందుగా తేల్చుకోండి. మీ ఆదాయం నుంచి మినహాయించిన పన్నును ఆ మేరకు మళ్లీ మీ దగ్గర అడగకూడదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 205వ సెక్షన్ చెబుతోంది. సొమ్మును ప్రభుత్వానికి జమ చేయకపోవడం మినహాయించినవారి తప్పు. కాబట్టి ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో డిమాండ్‌కు స్పందిస్తూ 42,000 రూపాయల మేరకు అంగీకరించడం లేదని తెలపండి. మీ బిల్లులను, టీడీఎస్ పోగా మీ ఖాతాలో పడిన మొత్తాన్ని చూపే బ్యాంకు స్టేట్‌మెంటును జతచేసి, మీ పన్ను లెక్క చూసే అసెసింగ్ అధికారికి అర్జీ పెట్టండి. ఆ సంస్థ టీడీఎస్ రిటర్నును దాఖలు చేసినా, సవరించినా చిక్కు సులువుగా వీడుతుంది గనుక, వారికి కూడా లిఖితపూర్వకంగా రాయండి. మిగిలిన 76,000 రూపాయలను ఒకేసారి కట్టలేకపోతే, వాయిదాలు కోరుతూ గడువు ముగియకముందే అదే అధికారికి దరఖాస్తు చేయండి. వాయిదాలిచ్చినా వడ్డీ ఆగదు, కానీ మౌనంగా ఉండిపోతే బ్యాంకు ఖాతా జప్తు వరకు వెళ్లే అధికారం శాఖకు ఉంది. రాబోయే రిఫండులను కూడా బకాయి కింద సర్దుకుంటారు.

ఇక మీ స్కోరును పట్టి లాగుతున్నది ఆ కార్డు బాకీయే. సెటిల్మెంటుతో బ్యాంకు మిమ్మల్ని వదిలేసినా, మీ క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా ‘సెటిల్డ్’ అని ఉంటుంది, అంటే పూర్తి బాకీ వసూలు కాలేదని తర్వాతి బ్యాంకు చదువుకుంటుంది. అప్పట్లో వదిలేసిన మొత్తాన్ని ఇప్పుడు కట్టడానికి సిద్ధమేనని ఆ బ్యాంకుకు రాయండి. కట్టాక బాకీ ఏమీ లేదని తెలిపే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్చి పంపమని అడగండి. పాత ఆలస్యాల జాడ అంతటితో చెరిగిపోదు, వాటి ప్రభావం కాలంతోపాటు తగ్గవలసిందే. డబ్బు తీసుకుని రికార్డు తుడిచేస్తామనే ఏజెంట్లను దయచేసి నమ్మకండి, నిజమైన వివరాలను తీసివేయించే మార్గం వారికీ లేదు.

రిపోర్టులో తప్పులుంటే మాత్రం వదలవద్దు. స్కోరు ఇచ్చే ప్రతి సంస్థ నుంచీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా పొందవచ్చు. ఫిర్యాదును 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది.

కొత్త చరిత్ర కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై ఇచ్చే చిన్న కార్డు తీసుకుని, ప్రతి నెలా గడువులోపు మొత్తం బిల్లు కట్టండి. సెటిల్ చేసుకున్న పాత కార్డు ఖాతా ‘క్లోజ్డ్’గా మారేదాకా గృహరుణం కోసం మరే బ్యాంకుకూ దరఖాస్తు చేయకండి, వరుసగా చేసే ప్రతి దరఖాస్తూ మీ రిపోర్టులో ఎంక్వైరీగా నమోదవుతుంది.